కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల: ఓడల పనిలో బతికినవాడి సమీక్ష

విశాఖపట్నం వచ్చిన చుట్టాలకు ఊరు చూపించాల్సి వచ్చినప్పుడు సింహాచలం, కైలాసగిరి, ఆర్కే బీచ్ తప్పనిసరి. ఆర్కే బీచ్ అన్నాక, ఇసుక ఒడ్డున నల్లగా, పొడవుగా పడుకొని ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర ముందు నిలబడి ఫొటో దిగడం కూడా ఆనవాయితీ అయిపోయింది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. టికెట్ కొనుక్కొని లోపలికి వెళ్లినవాళ్లలోనూ ఎక్కువమంది టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధం) గొట్టాలు, మంచాలు, పెరిస్కోపు చూసి బయటపడతారు. నేను ఈ ఊళ్లో 30 ఏళ్లకు పైగా ఓడల మరమ్మతుల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఒక నౌకను సేవకు సిద్ధం చేయడం అంటే ఏమిటో ఆ పనితో సంబంధం లేని మనిషికి కళ్లకు కట్టినట్టు చూపించగల చోటు నాకు తెలిసి మన రాష్ట్రంలో ఇంతకంటే మంచిది లేదు. ఆ దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను ఇందులోకి మూడుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు మా బావమరిది కుటుంబం ఖమ్మం నుంచి వస్తే, అందరం కలిసి ఒక ప్రైవేటు టూర్ నిర్వాహకుడి బస్సులో ఊరు తిరిగాం. అతను ఈ జలాంతర్గామికి కేటాయించినది సరిగ్గా 15 నిమిషాలు. లోపల ఇంకా మూడో గదిలో ఉండగానే బయట నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక పాత ఉద్యోగి ఒక యంత్రం గురించి శ్రద్ధగా చెబుతుంటే సగంలో లేచి వచ్చేయడం నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకే మూడోసారి మా మనవరాలిని వెంటబెట్టుకొని, సెలవు కాని ఒక మధ్యాహ్నం, తలుపులు తెరిచే వేళకే వెళ్లాను. ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా ఆ మూడో సందర్శన గురించి. వెళ్లేవారికి నా మొదటి సలహా కూడా అదే: దీన్ని ఊరు చూసే పర్యటనలో ఒక మజిలీగా పెట్టుకోకండి, దీని కోసమే ఒక పూట కేటాయించండి.

ముందుగా ఓడ గురించి నాలుగు మాటలు. కురుసుర సోవియట్ యూనియన్‌లో, లెనిన్‌గ్రాడ్‌లో తయారైన డీజిల్-విద్యుత్ జలాంతర్గామి. పాశ్చాత్య దేశాలవారు 'ఫాక్స్‌ట్రాట్' అని పేరుపెట్టిన తరగతికి చెందినది. మన నౌకాదళం తొలి విడతగా తెచ్చుకున్న కల్వరి, ఖందేరి, కరంజ్, కురుసుర అనే నాలుగింటిలో ఇది చివరిది. 1969 డిసెంబరు 18న రీగా రేవులో సేవలో చేరింది. 1971 యుద్ధ కాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ల సేవలో 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించి 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ వినోద్ పస్రీచా దీన్ని ముక్కలు చేసి పాత ఇనుముకు అమ్మే బదులు జనానికి చూపించాలని తలపెట్టడం, ఆ ఆలోచన ఫలించి 2002 ఆగస్టులో ప్రదర్శనశాల ప్రారంభం కావడం మన ఊరి అదృష్టం.

ఓడను నీళ్లలోకి దించడం ఈ ఊరివాళ్లకు కొత్తేమీ కాదు. 1948 మార్చిలో అప్పటి సింధియా షిప్‌యార్డులో తయారైన 'జల ఉష'ను ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి వదిలింది ఇక్కడే. 2009 జూలై 26న మన దేశంలో కట్టిన, అణుశక్తితో నడిచే తొలి జలాంతర్గామి అరిహంత్‌కు కొబ్బరికాయ కొట్టి ప్రారంభించిందీ ఇక్కడే. కురుసుర విషయంలో జరిగింది దానికి పూర్తిగా తలకిందుల పని. 91.3 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు ఉండి, నీటి మీద తేలేటప్పుడు 1,950 టన్నులు తూగే ఉక్కు దేహాన్ని సముద్రం లోంచి ఒడ్డుకు లాగి, ఇసుక మీద కట్టిన కాంక్రీటు పునాదిపై కూర్చోబెట్టాలి. కేవలం 600 మీటర్ల దూరం. దానికి పట్టిన కాలం 18 నెలలు, అయిన ఖర్చు సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు. నీళ్లలో ఓడ బరువును నీళ్లే అన్ని వైపుల నుంచీ సమానంగా మోస్తాయి. ఒడ్డుకు చేరిన మరుక్షణం ఆ బరువంతా అడుగున దన్ను పెట్టిన కొద్ది చోట్ల మీదే పడుతుంది. ఆ చోట్లను లెక్క తప్పి ఎంచుకుంటే ఉక్కు పలకలు నొక్కుకుపోతాయి. నీళ్లు తోడేసి మరమ్మతులు చేసే డ్రై డాకులో ఓడను దిమ్మెల మీద కూర్చోబెట్టేటప్పుడు మా ఇంజినీర్లు ఊపిరి బిగబట్టి చూసేది దీన్నే. బయట మెట్ల దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఒక్కసారి ఓడ అడుగు వైపు తల వంచి చూడండి.

లోపలికి వెళ్లేముందు ఇంకొక్క మాట. ఓడ నీళ్లలోకి దిగిన రోజున పత్రికల్లో ఫొటోలు వస్తాయి, దాంతో అది సిద్ధమైపోయిందని చాలామంది అనుకుంటారు. కొచ్చి షిప్‌యార్డులో కట్టిన విక్రాంత్ సంగతి చూడండి. 2009 ఫిబ్రవరిలో దానికి వెన్నెముక లాంటి కీల్ వేశారు, 2013 ఆగస్టులో నీళ్లలోకి దించారు. సముద్రంలో పరీక్షలు మొదలైంది మాత్రం 2021 ఆగస్టులో, నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబరు 2న. అంటే ఉక్కు దేహం తేలడానికి నాలుగున్నరేళ్లు పడితే, తేలిన దేహం పనికొచ్చే యుద్ధనౌక కావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లలో జరిగేదే మా పని: కేబుళ్లు లాగడం, గొట్టాలు కలపడం, పంపులు అమర్చడం, ఒక్కొక్క వ్యవస్థనూ విడివిడిగా, తర్వాత జతలుగా, చివరికి అన్నింటినీ కలిపి పరీక్షించడం. బయటికి కనిపించని పని కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు. కురుసుర లోపల మాత్రం ఆ పనంతా తలకు తగిలేంత దగ్గరగా, మూతలు లేకుండా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ ప్రదర్శనశాల అసలు విలువ అక్కడే ఉంది.

ఓడ లోపల ఏడు గదులున్నాయి. ముందువైపు టార్పెడో గదితో మొదలుపెట్టి వెనక టార్పెడో గది దాకా ఒకే దారిలో నడుస్తాం. ముందు ఆరు, వెనక నాలుగు, మొత్తం పది టార్పెడో గొట్టాలు. 22 టార్పెడోలు గానీ, వాటికి బదులు 44 మైన్లు (సముద్రంలో అమర్చే బాంబులు) గానీ మోసుకెళ్లే ఏర్పాటు ఉండేది. మొదటి గదిలో జనం గుమిగూడేది గొట్టాల గుండ్రటి ఇత్తడి రంగు మూతల దగ్గరే. చూడవలసినవే, కాదనను. అయితే అక్కడ ఒక్క నిమిషం తలెత్తి పైకప్పు చూడమని నా మనవి. అక్కడ ఖాళీ అనే మాట లేదు. గాలి గొట్టాలు, నీటి గొట్టాలు, హైడ్రాలిక్ గొట్టాలు, కేబుళ్ల కట్టలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటాయి, ప్రతి మలుపులోనూ ఒక వాల్వు చక్రం. మా మనవరాలు కాసేపు లెక్కపెట్టి, యాభై దాటాక వదిలేసి, "తాతయ్యా, ఇన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అని అడిగింది. మాకు దారి చూపిస్తున్న ఆయన నౌకాదళంలో జలాంతర్గాముల్లో పనిచేసి రిటైరైన మనిషి. "అందరూ గుర్తుపెట్టుకోవాలి తల్లీ, వంటమనిషితో సహా" అన్నారు.

అది పిల్లను సంతోషపెట్టడానికి అన్న మాట కాదు. జలాంతర్గామిలో పనిచేయాలంటే విశాఖలోనే ఉన్న ఐఎన్‌ఎస్ శాతవాహనలో శిక్షణ పొందాలి. ఆ తర్వాత ఓడ మీద ప్రతి గొట్టమూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ వాల్వు దేన్ని ఆపుతుందో చేత్తో పట్టుకొని చూపించగలగాలి. అప్పుడే ఛాతీ మీద డాల్ఫిన్ బొమ్మ బ్యాడ్జీ వస్తుంది. నీళ్లలో కరెంటు పోయిందంటే ఓడంతా కటిక చీకటి. ఆ చీకట్లో చెయ్యి చాచి సరైన చక్రాన్ని పట్టుకోవడం మీదే 75 మంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఓడను సిద్ధం చేయడంలో మనుషులను సిద్ధం చేయడం సగభాగం. ఆ సగభాగాన్ని ఇక్కడ బోర్డుల ద్వారా కాకుండా, ఆ జీవితం గడిపిన మనుషుల నోట వినిపించడం ఈ ప్రదర్శనశాలలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం.

రెండో గదిలో అధికారుల క్యాబిన్లు ఉంటాయి. రైలు పెట్టెలో పై బెర్తుకంటే కాస్త పెద్దవైన అరలు. అందరూ వాటిని చూసి ఆశ్చర్యపోతుంటారు గానీ, నా కళ్లు మాత్రం నేల మీదికి వెళ్లాయి. ఆ నేల కింద, అలాగే నాలుగో గది నేల కింద ఉన్నవి బ్యాటరీలు. ఫాక్స్‌ట్రాట్ తరగతిలో 448 సీసం-ఆమ్లం సెల్లులుంటాయి, 112 చొప్పున నాలుగు గ్రూపులుగా. ఒక్కో సెల్లు ఒక మనిషి కదిలించలేనంత బరువు. ఓడ నీటి మీద ఉన్నప్పుడు గానీ, శ్వాసగొట్టం పైకి పెట్టుకొని పైపైన మునిగి పోతున్నప్పుడు గానీ డీజిల్ ఇంజిన్లు ఈ సెల్లులను ఛార్జి చేస్తాయి. లోతుకు దిగాక ఓడ నడిచేదంతా వీటి మీదే. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోసే అలవాటున్నవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది, ఛార్జింగ్ చివరికి వచ్చేసరికి బుడగలు వస్తాయి. అవి హైడ్రోజన్ బుడగలు. తలుపు తెరిచిన వరండాలో దానితో ప్రమాదం తక్కువ. మూసిన ఉక్కు గొట్టంలో, 448 సెల్లుల నుంచి, ఆ వాయువు నాలుగు శాతం దాటి గాలిలో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే గాలిని లాగే ఫ్యాన్లు నడుస్తున్నాయో లేదో చూడకుండా ఛార్జింగ్ మొదలుపెట్టరు, బ్యాటరీ గదిలోకి లోహపు వస్తువు జేబులో పెట్టుకొని దిగరు.

ఎలక్ట్రీషియన్‌గా నాకు ఇంకో సంగతి కూడా గుర్తుకొచ్చింది. ఓడల్లో కేబుల్ వేయగానే పని అయిపోదు. మెగ్గర్ అనే మీటరు పట్టుకొని ప్రతి తీగకూ, ఓడ దేహానికీ మధ్య ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి కారకుండా ఆపే గుణం, ఎంత ఉందో కొలిచి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. ఉప్పు గాలికి, తేమకు ఆ విలువ రోజురోజుకూ పడిపోతూ ఉంటుంది. నిన్న బాగున్న తీగ ఈ రోజు బాగుంటుందన్న నమ్మకం లేదు. ఒకసారి కొలిచి వదిలేస్తే చాలదు, కొలుస్తూనే ఉండాలి. కురుసుర గోడల వెంట బారులు తీరిన ఆ కేబుళ్లను చూస్తున్నప్పుడు, 31 ఏళ్ల పాటు ఎంతమంది ఎన్నిసార్లు ఆ అంకెలు రాసి ఉంటారో అనిపించి కాసేపు అక్కడే నిలబడిపోయాను. నా వెనక ఉన్నవాళ్లు ఓపికగా ఆగారు, వారికి నా కృతజ్ఞతలు.

మూడో గదిని ఈ ఓడకు మెదడు అనవచ్చు. పెరిస్కోపు, చుక్కాని నడిపే చోటు, లోతు చూపే మీటర్లు, తూములు తెరిచే ఏర్పాట్లు అన్నీ ఇక్కడే. ఇలాంటి జలాంతర్గామికి రెండు దేహాలుంటాయి. లోపలిది నీటి ఒత్తిడిని తట్టుకొనే గట్టి గొట్టం, బయటిది దాని మీద తొడిగిన తేలిక తొడుగు. ఆ రెంటి నడుమ ఉన్న ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు రానిస్తే ఓడ మునుగుతుంది. అధిక పీడనంతో గాలి ఊది ఆ నీటిని గెంటేస్తే తేలుతుంది. ఇంతవరకు బడి పుస్తకాల్లోనూ ఉంటుంది. మాకు దారి చూపిస్తున్న పెద్దాయన చెప్పిన తర్వాతి సంగతి నాకు కూడా కొత్త కోణంలో అర్థమైంది. మరమ్మతు పూర్తయి ఓడ మళ్లీ సముద్రంలోకి వెళ్లేముందు, దాని బరువులో ప్రతి మార్పునూ లెక్కగడతారు. బియ్యం బస్తాలు, మంచినీళ్లు, డీజిల్, టార్పెడోలు, కొత్తగా బిగించిన ఒక మోటారు, తీసేసిన ఒక పాత పలక, ఏదీ లెక్కకు బయట ఉండదు. ఆ లెక్క ప్రకారం సరిచేసే ట్యాంకుల్లో నీళ్లు నింపుకొని, మొదటిసారి నెమ్మదిగా మునిగి చూస్తారు. ఓడ మునిగిన చోట తేలిపోకుండా, దిగిపోకుండా నిలబడితే లెక్క సరిపోయినట్టు. ఒక టార్పెడో వదిలినా, అది పోయిన బరువుకు సరిపడా నీళ్లు వెంటనే లోపలికి తీసుకోవాలి, లేకపోతే ముక్కు పైకి లేస్తుంది.

ఇది చెబుతూ ఆయన ఒక వాల్వు చక్రం మీద చెయ్యి వేశారు. చక్రం అంచున రంగు ఎప్పుడో అరిగిపోయి లోహం మెరుస్తోంది. ఆయన దాన్ని తిప్పలేదు, తిప్పేముందు వేళ్లు ఎలా పెడతారో అలా పెట్టి, అరచేత్తో ఒకసారి అదిమి, పావు వంతు ఎటు తిప్పాలో మణికట్టుతో చూపించారు. అలా చూపిస్తున్నప్పుడు ఆయన కళ్లు చక్రం మీద లేవు, ఎదురుగా ఉన్న మీటరు మీద ఉన్నాయి. పని వదిలి ఎన్నేళ్లయినా చేతికి, కంటికి ఆ అలవాటు పోలేదు. "మాస్టారూ, తిప్పాక గట్టిగా మూసుకుందని మనకనిపిస్తే చాలదు, మూసుకుందని మీటరు చెప్పాలి" అన్నారు. ఆ మాట విన్నాక నాకు నా ఉద్యోగపు తొలి రోజులు గుర్తొచ్చాయి.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాణ్ని. ఒక చిన్న సరుకుల నౌకకు మరమ్మతు జరుగుతోంది. అప్పగించాల్సిన గడువు దగ్గరపడింది. సముద్రపు నీళ్ల పంపు పక్కన ఉన్న వాల్వుకు, నీళ్లు కారకుండా బిగించే గ్లాండ్ ప్యాకింగ్ మార్చిన ఫిట్టరు, పరీక్ష చేయకుండానే చేసినట్టు కాగితం మీద టిక్కు పెట్టించుకున్నాడు. అతని మీద ఒత్తిడి అలాంటిది, అతణ్ని నేనేమీ అనను. రేవు దాటి ట్రయల్స్‌కు వెళ్లిన గంటలోపే ఆ ప్యాకింగ్ వదులై నీళ్లు చిమ్మి, నేను రెండు రోజులు కష్టపడి ఆరబెట్టి సిద్ధం చేసిన మోటారు తడిసిపోయింది. ప్రాణనష్టం లేదు, ఓడ వెనక్కి వచ్చింది, మోటారు మళ్లీ విప్పాం. నీటి మీద తేలే ఓడ కాబట్టి అంతటితో పోయింది. అదే పొరపాటు నీళ్ల కింద జరిగితే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కురుసుర మూడో గదిలో పది నిమిషాలు నిలబడితే చాలు.

నాలుగో గది వైపు నావికుల వసతి, వంటగది ఉంటాయి. 8 మంది అధికారులు, 67 మంది నావికులు వారాల తరబడి ఈ గొట్టంలో బతికేవారు. వంటగది మన అపార్ట్‌మెంటు బాల్కనీలో సగం కూడా ఉండదు. మంచినీళ్లు తాగడానికి, వండడానికే, స్నానం ఊసే ఉండదు. గాలి సంగతి ఇంకా ఆసక్తికరం. లోతులో ఉన్నంతసేపూ బయటి గాలి రాదు కాబట్టి, కార్బన్ డయాక్సైడును పీల్చుకొని ఆక్సిజన్‌ను విడిచే రసాయన పలకల మీద ఆధారపడేవారు. ఆ పలకలకు నూనె తగిలితే మంట పుడుతుంది, అందుకే వాటిని దాచే పద్ధతి, వాడే పద్ధతి కూడా ఓడను సిద్ధం చేసే జాబితాలో భాగమే.

ఈ మాట దగ్గర మా మనవరాలు, "ఇది రాకెట్లో వెళ్లేవాళ్లలాగే ఉంది కదా" అంది. పిల్ల అన్నది నిజమే. మూసిన గదిలో మనుషులకు గాలి, నీరు, వేడి, చల్లదనం అన్నీ వెంట తీసుకెళ్లాల్సిన బాధ్యత జలాంతర్గామికీ, వ్యోమనౌకకూ ఒకటే. తేడా అంతా పరీక్షలో ఉంది. ఓడకు లోపం బయటపడితే రేవుకు తిరిగి రావచ్చు. ఉపగ్రహాన్నో, వ్యోమనౌకనో ఒకసారి పంపాక ఫిట్టరు వెళ్లి బిగించే వీలుండదు. అందుకే దాన్ని నేల మీదే గాలి తీసేసిన పెద్ద గదిలో పెట్టి, ఎండ వేడికీ, నీడ చలికీ మార్చి మార్చి గురిచేస్తారు. రాకెట్ పైకి లేచేటప్పటి కుదుపు ఎలా ఉంటుందో అలా కంపింపజేస్తారు. అన్నీ తట్టుకున్నాకే శ్రీహరికోట దారి పడుతుంది. ఈ రెండు పనులూ కలిసే చోటు మన విశాఖ సముద్రమే కావడం నాకు గర్వంగా అనిపిస్తుంది. 2024 డిసెంబరులో, మనుషులను అంతరిక్షంలోకి పంపే గగనయాన్ కోసం, నీళ్లలో పడిన వ్యోమగాముల గదిని నౌక లోపలికి లాక్కొనే ప్రయత్నాన్ని ఇస్రో, నౌకాదళం కలిసి ఈ తీరానికి ఎదురుగానే పరీక్షించాయి. నౌక వెనక భాగంలోని పెద్ద డెక్కును నీళ్లతో నింపి, ఆ గదిని తేలుతుండగానే లోపలికి తెచ్చి, తర్వాత నీళ్లు తోడేసే పద్ధతి అది. వ్యోమగాములు బయటికి రానవసరం లేకుండా కూర్చున్న చోటే నౌకలోకి చేరతారు. కురుసుర మెట్లు దిగి ఇసుకలో నిలబడి అటువైపు చెయ్యి చాపి ఈ కథ చెబితే పిల్లలు చెవులు నిక్కించి వింటారు.

ఐదో గదిలో మూడు డీజిల్ ఇంజిన్లు, ఒక్కొక్కటి 2,000 అశ్వశక్తి గలవి, ఆరో గదిలో మూడు విద్యుత్ మోటార్లు, వాటి వెనక మూడు ప్రొపెల్లర్లకు వెళ్లే ఇరుసులు. ఇంజిన్ల మధ్య నడిచే దారిలో ఎదురెదురుగా ఇద్దరు మనుషులు పక్కకు తిరిగితే గానీ తప్పుకోలేరు. ఇక్కడ ఇంజిన్లు తిరుగుతున్నప్పుడు చెవి దగ్గర అరిచినా వినిపించదని, సైగలతోనే పని నడిపేవారని ఆయన చెప్పారు. ఏడో గది వెనక టార్పెడోలది, నావికుల మంచాలు కూడా ఆయుధాల మధ్యే. అక్కడి నుంచి బయటికి వచ్చేస్తాం.

ఈ ప్రదర్శనశాలలో ఇంకేం ఉంటే బాగుంటుందంటే, నా కోరిక ఒక్కటే. ఈ ఓడ యుద్ధ చరిత్రతో పాటు దీని మరమ్మతుల చరిత్ర కూడా జనం వినాలి. 1970ల నడుమ విడిభాగాలు దొరకని రోజుల్లో, తోటి జలాంతర్గాములు తిరగడానికి కురుసుర నుంచే భాగాలు విప్పి ఇచ్చారు. తర్వాత 1980ల తొలి ఏళ్లలో రీఫిట్, అంటే పెద్ద మరమ్మతు, పూర్తి చేసుకొని ఇది మళ్లీ సేవకు వచ్చింది. తన శరీరంలోంచి భాగాలిచ్చి తోడబుట్టినవాళ్లను నిలబెట్టి, మళ్లీ తానూ లేచి నిలబడిన ఓడ ఇది. నా మనసుకు ఇది ఏ పోరాటానికీ తీసిపోని కథ. ఇప్పుడు కూడా ఆ పని ఆగలేదు. నీటికి ఎదురుగా, అలల తుంపర మీద పడే దూరంలో ఉన్న ఉక్కుకు తుప్పు ఎంత వేగంగా పడుతుందో ఈ ఊళ్లో ఇంటి గేటున్న ప్రతివారికీ తెలుసు. 2007లో తుప్పు తినేసిన చోట్ల కొత్త ఉక్కు పలకలు వేయాల్సి వచ్చింది. కదలని ఓడను కాపాడటం కదిలే ఓడను కాపాడటం కంటే ఏ మాత్రం తేలిక కాదు. టికెట్ డబ్బు దేనికి పోతుందో తెలిస్తే ఎవరికీ అది భారం అనిపించదు.

వెళ్లేవారికి అవసరమైన సంగతులు కొన్ని. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో వేళలు బయల్దేరేముందు ఒకసారి కనుక్కోవడం మంచిది. ఆదివారాలు, పండగ రోజులు రద్దీ ఎక్కువ, ఆ రోజుల్లో ఎవరినీ ఏమీ అడిగే తీరిక దొరకదు. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపుల్లోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి, నడుం మడిచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతపెట్టవద్దు, మూసిన గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. చీర కట్టుకున్నవారు కుచ్చిళ్లు పట్టుకొని దాటాలి. నాలుగైదేళ్ల పిల్లలకు ఆ తలుపులే పెద్ద ఆట, కానీ అంచులు ఉక్కువి, చెయ్యి వదలకండి. రోడ్డుకు అటువైపు టీయూ-142 విమానాన్ని ప్రదర్శనకు పెట్టారు. 29 ఏళ్లు నౌకాదళానికి సేవచేసి 2017లో విరమించిన సముద్ర గస్తీ విమానం అది. జలాంతర్గాములను వెతికి పట్టుకోవడం దాని పని. ముందు కురుసుర చూసి తర్వాత దాన్ని చూస్తే, దాక్కునేవాడినీ, వెతికేవాడినీ ఒకే పూట కలిసినట్టవుతుంది. తిరగేసి చూస్తే ఆ రుచి రాదు.

గైడుల గురించి మరోసారి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ దారి చూపేది నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు. వాళ్లకు తెలిసినది ఏ బోర్డు మీదా పట్టదు. ప్రశ్నలు అడగండి, "ఎన్ని టార్పెడోలు" అని కాకుండా "సముద్రంలోకి వెళ్లేముందు రోజు మీరేం చేసేవారు" అని అడగండి. నేను అలా అడిగినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి, తలుపుల రబ్బరు అంచులకు గ్రీజు రాయడంతో మొదలుపెట్టి, వరసగా పదిహేను పనులు వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పుకుపోయారు. మధ్యలో ఒకటి మరిచిపోయి, వెనక్కి వెళ్లి, దాని చోట దాన్ని పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

సేవ నుంచి తప్పుకున్న ఓడే అయినా, నౌకాదళం పని చేస్తున్న ఓడలకు మాత్రమే ఇచ్చే 'డ్రెస్సింగ్ షిప్' గౌరవాన్ని కురుసురకు ఇప్పటికీ ఇస్తోంది. ముఖ్యమైన రోజుల్లో ముక్కు నుంచి తోక దాకా రంగురంగుల సంకేత జెండాలు కడతారు. మా మనవరాలికి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ఆ జెండాలు ఎప్పుడు కడతారని అడుగుతూనే ఉంది. కట్టే రోజు కనుక్కొని, పొద్దున్నే, కట్టే మనుషులు నిచ్చెనలు తెచ్చే వేళకు, దాన్ని తీసుకెళ్తానని మాటిచ్చాను.